బియ్యంలో రాసిన పేరు

నిన్న మా తమ్ముడి కూతురికి పేరు పెట్టాం. పళ్లెంలో పరిచిన బియ్యం మీద ఉంగరంతో రాస్తుంటే తమ్ముడి చెయ్యి వణికింది. మొదటి రెండక్షరాలూ చెరిపి మళ్లీ రాశాడు. ముద్దొచ్చే పేరే, కాదనను. కానీ హైదరాబాదులోనూ కర్నూలులోనూ ఏ పాపకైనా ఉండే పేరు.

మా నాన్నమ్మ అప్పలనర్సమ్మ. వినగానే సింహాద్రి అప్పన్న కొండ నీడలో పుట్టిన మనిషని తెలిసిపోతుంది. మా విశాఖ వైపు పేర్లే అంత. అప్పలరాజు, అప్పలనాయుడు, అనకాపల్లి నూకాలమ్మ పేరిట నూకరాజు, విజయనగరం పైడితల్లి పేరిట పైడిరాజు. సింహాచలమైతే ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటే! మా తరగతిలో ముగ్గురు అప్పలరాజులుంటే మాస్టారు ఇంటిపేర్లతో పిలిచేవారు. అలాగే యాదగిరి అంటే తెలంగాణ, కోటేశ్వరరావు అంటే కోటప్పకొండ, ఓబులేసు అంటే అహోబిలం గుర్తొస్తాయి. ఏ ఊరని అడిగే పనే ఉండేది కాదు.

అందుకే రెండో పేరుగా నాన్నమ్మ పేరు పెట్టాలని పట్టుబట్టాను. మరదలు కాసేపు ఆలోచించి సరేనంది. మేనత్తను కదా, పాప చెవిలో ఆ పేరు నేనే మూడుసార్లు చెప్పాను. నిద్రలోనే నా వేలు గట్టిగా పట్టుకుంది.