డీవీసీ (గృహహింస) కేసు, మా బాబు, నేను

మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసింది నా కోసమే. మా ఆయన కొట్టడం ఆగితే చాలనుకున్నాను. వాళ్లు హింస పడ్డ ఆడవాళ్లకు సాయం చేసే మా జిల్లా సఖి కేంద్రానికి వెళ్లమన్నారు. పోవడానికి చోటు లేనివాళ్లు అక్కడే ఐదు రోజుల దాకా ఉండొచ్చట. నాకు పుట్టిల్లు ఉంది కాబట్టి ఆ అవసరం రాలేదు.

కాగితాల పని భయపడినంత లేదు. ఈ కేసులు చూసే ప్రభుత్వ అధికారి, ప్రొటెక్షన్ ఆఫీసర్ మేడమ్ అడుగుతూ గృహహింస నివేదిక రాసుకున్నారు. లాయర్‌ని న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇచ్చింది, ఆడవాళ్లకు ఆదాయం ఎంతని చూడరు. 2005 గృహహింస చట్టం ప్రకారం కేసు 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. నాది ఇంకా వాయిదాల్లోనే ఉంది. ఆయన మా జోలికి రాకూడదని మధ్యంతర ఉత్తర్వు మాత్రం వచ్చింది.

నివేదికలో పిల్లల వివరాలు కూడా రాయాలి. అక్కడికొచ్చాక కౌన్సెలర్ మేడమ్ "బాబును ఎవరు కొడతారమ్మా?" అన్నారు. వాళ్ల నాన్న వాడి మీద చెయ్యి వేయలేదండీ అన్నాను. "మరి నువ్వు?"

నేను కొడతాను. ఎప్పుడెప్పుడని అడిగితే ఆలోచించాల్సి వచ్చింది. ఆయన తాగి పడుకున్నప్పుడు వీడు ఏడిస్తే, ఆయన లేచేలోగా వీడి నోరు మూయించాలి. బుజ్జగించే టైమ్ ఎక్కడిది? ఒక్క దెబ్బ, ఊరుకునేవాడు. అది క్రమశిక్షణ అనుకున్నాను. ఇరవై ఏళ్లకే తల్లినయ్యాను, ఇంకో పద్ధతి నాకెవరూ చూపించలేదు.

అమ్మ వాళ్లింటికి వచ్చాక నెమ్మదిస్తాడనుకుంటే ఇంకా పెచ్చుమీరాడు. అంగన్‌వాడీలో పక్కపిల్లల్ని కొరికాడు, రాత్రుళ్లు పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టాడు. తండ్రి పోలికే వచ్చిందని నాకు ఒకటే టెన్షన్. మేడమ్ మాత్రం, ఇన్నాళ్లూ బిగపట్టుకున్నది భయం లేని చోట బయటికొస్తుంది, అది పోలిక కాదు అన్నారు. ఆ మాట అర్థమైన రోజు నుంచే వాడి మీద నా కోపం తగ్గింది.

చెప్పినవి చిన్న పనులే. చెయ్యి లేచినప్పుడు గదిలోంచి బయటికి నడవడం. తిండికీ నిద్రకీ రోజూ ఒకే టైమ్ పెట్టడం. వాడు కొరికితే వాడి కళ్లకు నా కళ్లు ఎదురుగా వచ్చేలా కూర్చుని ఒక్క మాటలో వద్దని చెప్పడం. తిట్టకుండా తడిసిన దుప్పటి మార్చడం. వినడానికి ఇంతే గానీ, కోర్టులో రోజంతా కూర్చుని వాయిదా తేదీ పట్టుకుని ఇంటికొచ్చిన సాయంత్రం వీటిలో ఒక్కటీ గుర్తుండేది కాదు. అలాంటి రోజుల్లో వాణ్ణి చెల్లెలికి అప్పగించడం నేర్చుకున్నాను.

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పెళ్లైన ఆడవాళ్లలో సుమారు 37 శాతం మంది భర్త హింస అనుభవించామని చెప్పారు. ఆ ఇళ్లలోనూ పిల్లలుంటారు కదా. నన్ను అడిగినట్టు వాళ్లందరినీ అడుగుతున్నారో లేదో.

కొరకడం తగ్గింది. పక్క తడపడం ఇంకా అప్పుడప్పుడూ ఉంది. ఇప్పుడు పేచీ అంతా అమ్మతోనే. దండం దశగుణం అంటుంది. బడిలో కూడా కొట్టకూడదని 2009లోనే చట్టం చేశారమ్మా అంటే, "మరి మిమ్మల్ని నేనెట్లా పెంచాను?" అని ఎదురడుగుతుంది. ఈసారి కౌన్సెలింగ్‌కి ఆమెను కూడా తీసుకురమ్మన్నారు. వస్తానంది, కానీ మేడమ్‌కే నాలుగు మాటలు చెప్పి వస్తుందట.