కార్డు కేటలాగు నుంచి కోహా దాకా

నేను ఉద్యోగంలో చేరినప్పుడు పరిశోధన గ్రంథాలయమంటే కార్డు కేటలాగే. రచయిత పేరుతో ఒక కార్డు, పుస్తకం పేరుతో ఒకటి, విషయంతో ఇంకొకటి. పీహెచ్‌డీ పిల్లలు ఆ సొరుగుల ముందు గంటలకొద్దీ నిలబడేవాళ్లు.

కంప్యూటర్లోకి మారడానికి మేం కోహా తీసుకున్నాం. న్యూజిలాండ్‌లో పుట్టి 2000లో విడుదలైన ఓపెన్ సోర్స్ గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ అది, లైసెన్సు ఫీజు లేదు, చిన్న బడ్జెట్‌తో నడిచే మాలాంటి వాళ్లకి అదే పెద్ద ఊరట. అసలు పని తెలుగు పుస్తకాల దగ్గర మొదలైంది. పాత రికార్డుల్లో పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేవి, ఒకరు రాసిన స్పెల్లింగు ఇంకొకరు రాయరు, దాంతో అలమారలో ఉన్న పుస్తకం కూడా వెతికితే దొరికేది కాదు. అందుకే అన్నీ యూనికోడ్‌లో, తెలుగులోనే మళ్లీ ఎక్కించాం. పాత ముద్రణల్లో అరసున్నాలు, బండి ఱలు ఉంటాయి కదా, పుస్తకం మీద ఉన్న పేరు మార్క్ 21 (కంప్యూటర్ కేటలాగు రికార్డులకు వాడే ప్రామాణిక పద్ధతి) రికార్డులో అసలు పేరు రాసే 245 ఫీల్డులో ఉన్నదున్నట్టు ఇచ్చి, ఇప్పుడు రాసే రూపాన్ని వేరే రూపాల కోసం ఉన్న 246లో చేర్చాం. ఇప్పుడు ఎలా వెతికినా దొరుకుతుంది.

థీసిస్‌లకైతే ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూజీసీ వాళ్ల గ్రంథాలయ నెట్‌వర్క్ కేంద్రం) నడిపే శోధ్‌గంగ, అంటే మన విశ్వవిద్యాలయాల థీసిస్‌ల ఆన్‌లైన్ భాండారం, వచ్చాక ఊరు దాటాల్సిన అవసరం చాలావరకు తగ్గింది.

స్కాన్ చేసేస్తే అయిపోయిందనుకునేవాళ్లతో మాత్రం నేను ఒప్పుకోను. స్కాన్ బొమ్మలోని అచ్చును చదివి అక్షరాలుగా మార్చే ఓసీఆర్ ఇప్పటికీ మన ఒత్తుల దగ్గర, మాసిపోయిన పాత అచ్చు దగ్గర తడబడుతుంది. పుస్తకం తెరిచి, చదివి, సరైన విషయ శీర్షిక పెట్టే మనిషి కావాలి. లైబ్రేరియన్ పోస్టులు ఖాళీగా ఉంచి సర్వర్లు మాత్రమే కొనే సంస్థలు ముందు ఆ పోస్టులు నింపాలి.