డెస్క్‌టాప్ మీదికి డీ డ్రైవ్ మొత్తం వచ్చి కూర్చుంది

శ్రావణమాసం పెళ్లి కార్డుల హడావుడి మొదలయ్యే ముందు మా డీటీపీ సెంటర్లో పాత సిస్టమ్‌కి ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే డిస్క్, వేయించాను. చిన్నదే, 120 జీబీ. విండోస్ దాని మీద సీ డ్రైవ్‌గా వేసి, పాత హార్డ్ డిస్క్‌ని అలాగే డీ డ్రైవ్‌గా ఉంచమని చెప్పాను. సర్వీస్ చేసే అబ్బాయి చెప్పినట్టే చేసి పట్టుకొచ్చాడు. ఆన్ చేస్తే నిమిషం కూడా పట్టకుండా వచ్చేసింది. ఆ సంతోషం డెస్క్‌టాప్ కనపడేదాకానే.

పైనుంచి కింద దాకా ఖాళీ లేకుండా ఫోల్డర్లు. "ఫోటోలు", "ఫ్లెక్సీలు 2019", "పాత సీ డ్రైవ్", "అను సెటప్", "కొత్త ఫోల్డర్", పక్కన బ్రాకెట్లో రెండు, మూడు, నాలుగు అని అంకెలు. మధ్యలో వెలిసిపోయిన రంగులో "సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్" అని ఒకటి. అది ఏ డ్రైవ్‌లోనైనా విండోస్ తన కోసం దాచుకునే ఫోల్డర్. దానికి డెస్క్‌టాప్ మీద ఏం పని?

ముందు నా డెస్క్‌టాప్ సంగతి చెప్పాలి. "అన్నీ డెస్క్‌టాప్ మీదే పెడతారేంటండీ" అని నన్ను అనని వాళ్లు లేరు. నేను వినను. కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషి "నిన్న ఇచ్చి వెళ్లాను కదమ్మా, మా అమ్మాయి పెళ్లి కార్డు" అంటే, ఫోల్డర్లో ఫోల్డర్ తెరుచుకుంటూ కూర్చుంటే పని జరగదు. నా స్క్రీన్ మీద ఎడమ పక్క ఉన్నవి ప్రూఫ్ చూడాల్సినవి. మధ్యలోవి కరెక్షన్లు వచ్చినవి. కుడి పక్క కింద ఉన్నవి ప్రింట్‌కి వెళ్లిపోయి డబ్బులు రావాల్సినవి. చూస్తేనే తెలిసిపోతుంది. పెళ్లికొడుకు పేరు కొట్టి వెతుకుదామన్నా కుదరదు. మేం కంపోజ్ చేసేది అను అనే తెలుగు ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో. ఆ ఫాంట్లు యూనికోడ్ కాదు, అంటే ఫోన్లలో కొట్టే మామూలు తెలుగు పద్ధతి కాదు. మనకి స్క్రీన్ మీద చక్కగా తెలుగు కనపడుతుంది గానీ, విండోస్ లెక్కలో అవన్నీ అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. తెలుగు ప్రింటింగ్‌లో ఇంకా దాన్ని వదలని సెంటర్లు చాలానే ఉన్నాయి, మాదీ అందులో ఒకటి.

సరే. మా దగ్గర పనిచేసే అమ్మాయికి శుభ్రత ఎక్కువ. ఆ గుంపు చూసి ఊరుకోలేక ఒకటొకటే డిలీట్ చేయడం మొదలుపెట్టింది. "ఫోటోలు" ఫోల్డర్ తీసేసింది. కాసేపటికి ఎవరిదో పాస్‌పోర్ట్ ఫోటో కావాల్సి వచ్చి డీ డ్రైవ్ తెరిస్తే అక్కడ కూడా ఆ ఫోల్డర్ లేదు.

"మేడమ్, నేను డెస్క్‌టాప్ మీదదే తీశాను. డీలోది ముట్టుకోలేదు" అంది. ముఖం పాలిపోయింది పాపం.

ఆ అమ్మాయి చెప్పింది నిజమే. రీసైకిల్ బిన్ తెరిస్తే ఫోల్డర్ అందులో ఉంది, రిస్టోర్ కొట్టగానే వచ్చేసింది. అది ఇంకా పెద్దదై రీసైకిల్ బిన్‌కి ఉన్న పరిమితి దాటి ఉంటే, శాశ్వతంగా పోతుంది, సరేనా అని విండోస్ ఒక్కసారి అడిగేది. పని తొందరలో అలాంటి ప్రశ్నకి ఎస్ కొట్టని వాళ్లెవరు?

రిస్టోర్ అయిన ఫోల్డర్ వైపు చూస్తుంటే అప్పుడు కనపడింది. షార్ట్‌కట్ అయితే బొమ్మకి ఎడమ మూలలో చిన్న బాణం గుర్తుంటుంది. ఇక్కడ ఒక్కదానికీ బాణం లేదు. అంటే ఇవి నకళ్లు కావు, అసలువే. నిర్ధారణ కోసం డీ డ్రైవ్‌లో ఊరికే ఒక టెక్స్ట్ ఫైల్ చేశాను. అదే క్షణంలో డెస్క్‌టాప్ మీదా ప్రత్యక్షమైంది. తరవాత విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన రన్ డబ్బాలో ఇంగ్లిష్‌లో షెల్, కోలన్, డెస్క్‌టాప్ అని ఖాళీ లేకుండా కొట్టాను. విండోస్ దేన్ని డెస్క్‌టాప్ అనుకుంటోందో ఆ ఫోల్డర్ తెరుచుకుంటుంది దానికి. నాకు తెరుచుకున్నది డీ డ్రైవ్.

డెస్క్‌టాప్ అంటే తెర వెనక ఉన్న మామూలు ఫోల్డర్. సీ డ్రైవ్‌లో యూజర్స్, అందులో మన పేరు, అందులో డెస్క్‌టాప్. ఇది పుట్టుకతో ఉండే చోటు. ఆ చోటు మార్చుకునే వీలు కూడా విండోస్ ఇచ్చింది. ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో లొకేషన్ అనే ట్యాబ్ ఉంటుంది, అక్కడ కొత్త దారి చూపిస్తే చాలు.

అబ్బాయికి ఫోన్ చేశాను.

"సీ నిండిపోద్దని డెస్క్‌టాప్‌ని డీకి మార్చానక్కా. చిన్న ఎస్‌ఎస్‌డీ వేసినోళ్లందరికీ అలాగే పెడతా."

ఆలోచన చెడ్డది కాదు. డీలో ఒక ఫోల్డర్ చేసి దాన్ని చూపించి ఉంటే ఏ గొడవా లేదు. డీనే చూపించాడు. మరి ఎలా సరిచేయాలి తమ్ముడూ అంటే, "లొకేషన్‌లో రిస్టోర్ డిఫాల్ట్ కొట్టండక్కా, అయిపోద్ది" అన్నాడు.

కొట్టాను. పాత చోట ఉన్న ఫైళ్లన్నీ కొత్త చోటికి మార్చమంటారా అని ప్రశ్న వచ్చింది. మార్చడమే మంచిదని కింద సలహా కూడా. ఇక్కడే ఆగాలి. పాత చోటు అంటే డీ మొత్తం, పదేళ్ల కార్డులు, ఫ్లెక్సీలు, ఫోటోలు, వందల జీబీ. కొత్త చోటు అంటే సగం కూడా ఖాళీ లేని ఆ చిన్న ఎస్‌ఎస్‌డీ. ఎస్ కొడితే ఎక్కడో మధ్యలో ఖాళీ లేదని ఆగిపోతుంది. ఏది వెళ్లింది, ఏది మిగిలిందో తేల్చుకోవడానికి మనకి మరో జన్మ కావాలి. నో కొట్టాను. ఈ ఫోల్డర్‌ని మార్చడం కుదరదు, అదే చోట మార్చడానికి వీల్లేని ఇంకో ఫోల్డర్ ఉంది అని ఎర్రర్ ఇచ్చి మొండికేసింది.

సీజన్ మధ్యలో నడుస్తున్న సిస్టమ్‌ని కెలకడం నాకు ఇష్టం ఉండదు. డెస్క్‌టాప్ మీద ఏదీ డిలీట్ చేయొద్దని మానిటర్‌కి చీటీ అంటించి పని కానిచ్చాం.

ఆ చీటీ ఎన్నాళ్లు కాపాడేదో గానీ, ఒక పొద్దున ఆన్ చేస్తే డెస్క్‌టాప్ బోడిగా ఉంది. డీ డ్రైవ్ అందుబాటులో లేదని, డ్రైవ్ సరిగ్గా తగిలించి ఉందో లేదో చూసుకోమని మెసేజ్. బయట ఇద్దరు కార్డుల వాళ్లు కూర్చుని ఉన్నారు. టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది?

కానీ పూర్తిగా బోడి కాదు. రీసైకిల్ బిన్ ఉంది, బ్రౌజర్ ఐకాన్, స్కానర్ ఐకాన్ ఉన్నాయి. ఇది గమనించదగ్గ సంగతి. మనం చూసే డెస్క్‌టాప్ రెండు ఫోల్డర్ల కలయిక. ఒకటి మనది. రెండోది యూజర్స్‌లోనే పబ్లిక్ అనే దాని కింద ఉండే డెస్క్‌టాప్. సిస్టమ్ వాడే వాళ్లందరికీ కనపడాలని సాఫ్ట్‌వేర్లు తమ ఐకాన్లను అందులో వేసుకుంటాయి. రీసైకిల్ బిన్ అయితే అసలు ఫైలే కాదు. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఐకాన్లు ఉండి మన ఫైళ్లు మాత్రమే మాయమైతే, విండోస్ బాగానే ఉంది, మన ఫోల్డర్ దారి మాత్రమే తెగింది అని అర్థం. సిస్టమ్ ఫార్మాట్ చేయాలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

పవర్ తీసేసి కేబినెట్ విప్పాను. ఎస్‌ఎస్‌డీ బిగించేటప్పుడు కదిలిందేమో, హార్డ్ డిస్క్‌ని మదర్‌బోర్డ్‌కి కలిపే సాటా కేబుల్ వదులుగా ఉంది. గట్టిగా నొక్కి ఆన్ చేస్తే డీ వచ్చింది, దానితో పాటు డెస్క్‌టాప్ మీద ఆ సంత మొత్తం తిరిగొచ్చింది. వచ్చిన వాళ్లను పంపించేసి, మధ్యాహ్నం షట్టర్ సగం దించి, విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలోకి దిగాను.

రన్ డబ్బాలో రెజ్ఎడిట్ అని కొడితే రిజిస్ట్రీ ఎడిటర్ తెరుచుకుంటుంది. అందులో కరెంట్ యూజర్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, ఎక్స్‌ప్లోరర్, చివర యూజర్ షెల్ ఫోల్డర్స్. పైనే షెల్ ఫోల్డర్స్ అని ఇంకొకటి కనపడుతుంది. అది పాత ప్రోగ్రాముల కోసం ఉంచింది. లోపల "ఈ రిజిస్ట్రీ కీ వాడొద్దు" అని ఇంగ్లిష్‌లో ఒక ఎంట్రీయే పెట్టారు, ఆశ్చర్యార్థకంతో సహా. మనక్కావాల్సింది యూజర్ అని మొదలయ్యేదే. ముందు దాని మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ కొట్టి ఒక కాపీ దాచుకోవాలి. లోపల డెస్క్‌టాప్ అనే వరస ఎదురుగా నాకు డీ, కోలన్, బ్యాక్‌స్లాష్ ఉంది, అంతే. దాన్ని చెరిపి, మామూలుగా ఉండాల్సింది ఇంగ్లిష్ అక్షరాల్లో రాశాను: %యూజర్‌ప్రొఫైల్%\డెస్క్‌టాప్. పర్సెంట్ గుర్తులు రెండు వైపులా తప్పనిసరి. ఆ గుర్తుల మధ్య మాటని విండోస్ మన యూజర్ ఫోల్డర్‌గా మార్చుకుంటుంది.

సైన్ అవుట్ చేసే ముందు యూజర్స్‌లో మన పేరు కింద డెస్క్‌టాప్ అనే ఫోల్డర్ నిజంగా ఉందో లేదో చూసుకోవాలి. నాకు లేదు. మామూలుగా రైట్ క్లిక్ చేసి, న్యూ ఫోల్డర్ అని చేసేశాను. సైన్ అవుట్, మళ్లీ సైన్ ఇన్. ఖాళీ డెస్క్‌టాప్. డీ డ్రైవ్‌లో ఏదీ కదల్లేదు.

కదలకపోవడమే నాకు కావాల్సింది. పేజ్‌మేకర్‌లో పెద్ద ఫోటో పెట్టినప్పుడు అది కార్డు ఫైల్లోకి పూర్తిగా రాదు. ఫలానా డ్రైవ్‌లో ఫలానా ఫోల్డర్లో ఉందని లింకు గుర్తుంచుకుని, తెర మీద చూపించడానికి ఒక మోటు బొమ్మ మాత్రం పెట్టుకుంటుంది. ఆ ఫోటోని ఇంకో చోటికి జరిపామంటే లింకు తెగుతుంది. ఫోటో కనపడలేదని పేజ్‌మేకర్ అడిగినప్పుడు పట్టించుకోకుండా ప్రింట్ కొట్టేస్తే ఆ మోటు బొమ్మే అచ్చవుతుంది. తెర మీద వినాయకుడు బాగానే ఉంటాడు, కార్డు మీద తొండం ఎక్కడో చెవి ఎక్కడో తెలియదు. వెయ్యి కార్డులు అలా వచ్చాక పెళ్లివారికి ఏం చెప్తాం? అందుకే పాత కార్డుల ఫోల్డర్లను డీలో ఉన్నవి ఉన్నట్టే వదిలేశాను. డీకి ఒక షార్ట్‌కట్ మాత్రం డెస్క్‌టాప్ మీద పెట్టాను, ఈసారి బాణం గుర్తుతో.

ఎస్‌ఎస్‌డీ వేశాక "డెస్క్‌టాప్ మీద" సేవ్ చేసిన కొత్త ఫైళ్లన్నీ డీలో విడిగా పడి ఉన్నాయి కదా. వాటిని వేరు చేయడానికి డీ తెరిచి డేట్ మాడిఫైడ్ మీద క్లిక్ చేస్తే కొత్తవన్నీ పైకి వచ్చాయి. ఆరోజు పనికి కావాల్సినవి మాత్రం డెస్క్‌టాప్ మీదికి తెచ్చుకున్నాను. తెచ్చిన ప్రతి కార్డూ పేజ్‌మేకర్‌లో తెరిచి లింక్స్ లిస్ట్ ఒకసారి చూసుకున్నా. ఎడమ పక్క ప్రూఫులు, కుడి పక్క బాకీలు అన్న వరస మాత్రం తిరిగి రాలేదు. ఐకాన్ ఎక్కడుందన్నది ఫైల్లో ఉండదు, విండోస్ విడిగా రాసుకుంటుంది. మళ్లీ నేనే సర్దుకోవాల్సి వచ్చింది.

డెస్క్‌టాప్‌ని డీలోనే ఒక ఫోల్డర్లోకి ఎందుకు మార్చలేదని అబ్బాయి అడిగాడు. ఆ కేబుల్ మళ్లీ వదులైతే కౌంటర్లో మనుషులుండగా బోడి స్క్రీన్ చూడాల్సింది నేను కదా. ఆరోజు పని మాత్రమే ఉంచితే సీ ఏమీ నిండదు.

మీ డెస్క్‌టాప్ ఖాళీ అయిపోతే మీది ఇదే జబ్బు కాకపోవచ్చు. ముందు ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, వ్యూలో షో డెస్క్‌టాప్ ఐకాన్స్‌కి టిక్ ఉందో లేదో చూడండి. పిల్లలు సిస్టమ్ ముట్టుకునే ఇళ్లలో చాలాసార్లు అంతకంటే ఏమీ ఉండదు. టిక్ ఉన్నా ఖాళీగా ఉంటే షెల్ కోలన్ డెస్క్‌టాప్ కొట్టి, తెరుచుకున్న ఫోల్డర్ అడ్రస్ పట్టీలో ఒక క్లిక్ చేసి పూర్తి దారి చదవండి. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే మధ్యలో వన్‌డ్రైవ్ అని కనపడుతుంది. ఆ బ్యాకప్ ఆపేశాక డెస్క్‌టాప్ ఖాళీగా కనపడితే, వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపల ఇంకో డెస్క్‌టాప్ ఫోల్డర్ ఉంటుంది, ఫైళ్లకి ముందు అక్కడ వెతకండి. దారిలో మీ పేరు ఉండాల్సిన చోట టెంప్ అని ఉంటే మాత్రం వెంటనే చేతిలో పని ఆపండి. అది విండోస్ తాత్కాలికంగా ఇచ్చిన ప్రొఫైల్, అందులో సేవ్ చేసింది సైన్ అవుట్ చేయగానే పోతుంది. అప్పటిదాకా చేసింది పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని ఆ తరవాతే రీస్టార్ట్ చేయండి.