కేఏ, కేబీ లెక్కల్లో ఎక్స్ వదిలేసే ముందు ఒక్కసారి చూసుకోండి

ఫ్రెండ్స్, అయానిక్ ఈక్విలిబ్రియం చదువుతున్నవాళ్ళ కోసం రాస్తున్నా. వీక్ యాసిడ్ (నీళ్ళలో కొంతే విడిపోయేది) అని కనపడితే చాలు, నేను కేఏ (యాసిడ్ ఎంత విడిపోతుందో చెప్పే స్థిరాంకం) ఇంటూ సీ (గాఢత) వేసి దానికి రూట్ కట్టేసేవాడిని, చాలావాటికి ఆన్సర్ కూడా వచ్చేసేది. 0.1 మోలార్ ఎసిటిక్ యాసిడ్, కేఏ 1.8 ఇంటూ 10 పవర్ మైనస్ 5, రూట్ కడితే హైడ్రోజన్ అయాన్ 1.34 ఇంటూ 10 పవర్ మైనస్ 3, పీహెచ్ 2.87, అయిపోయింది.

తర్వాత ఒక మాక్ టెస్ట్‌లో 0.01 మోలార్ క్లోరోఎసిటిక్ యాసిడ్ వచ్చింది, కేఏ 1.4 ఇంటూ 10 పవర్ మైనస్ 3. అలవాటుగా రూట్ కట్టా, 2.43 వచ్చింది, ఆప్షన్లలో ఉంది కదా అని పెట్టేశా. కరెక్ట్ ఆన్సర్ 2.51, అదీ ఆప్షన్లలోనే ఉంది. ఇంటికొచ్చి కేఏ ఈక్వల్ టు ఎక్స్ స్క్వేర్ బై (సీ మైనస్ ఎక్స్) అని క్వాడ్రాటిక్ వేసి చూస్తే ఎక్స్, అంటే విడిపోయిన యాసిడ్ గాఢత, 0.0031 వచ్చింది, అంటే యాసిడ్‌లో 31 శాతం విడిపోయింది, అంత పోయాక సీ మైనస్ ఎక్స్‌ని సీ అని ఎలా రాస్తాం? చాలా బాధేసింది, ఎందుకంటే ఫార్ములా నాకు వచ్చు, అది ఎప్పుడు పనికొస్తుందో మాత్రం చూసుకోలేదు.

అప్పట్నుంచి ముందు సీ బై కేఏ చూస్తా. 400 దాటితే విడిపోయేది 5 శాతం లోపే, ధైర్యంగా రూట్ కట్టొచ్చు. పైన ఎసిటిక్ యాసిడ్‌కి అది 5000 పైనే, క్లోరోఎసిటిక్‌కి 7. అలాగని ఎసిటిక్ యాసిడ్ అంటే ఎప్పుడూ సేఫ్ అనుకోకండి, అదే యాసిడ్‌ని 0.001 మోలార్‌కి పలచన చేస్తే 12.5 శాతం విడిపోతుంది, ఆస్ట్‌వాల్డ్ డైల్యూషన్ లా చెప్పేది ఇదే, పలచన చేసేకొద్దీ ఆల్ఫా (విడిపోయిన భాగం) పెరుగుతుంది.

పీహెచ్ ఇచ్చి కేఏ అడిగితే అసలు క్వాడ్రాటిక్ గొడవే లేదు, ఎక్స్ చేతిలోనే ఉంది. 0.1 మోలార్ ఫార్మిక్ యాసిడ్ పీహెచ్ 2.38 అంటే ఎక్స్ 0.0042, దాని స్క్వేర్‌ని 0.0958తో భాగిస్తే సుమారు 1.8 ఇంటూ 10 పవర్ మైనస్ 4. ఇక్కడ కింద 0.1లోంచి ఎక్స్ తీసేయడం ఒక్క సెకను పని, వదిలేయకండి.

బేసులకీ లెక్క ఇదే, కేఏ బదులు కేబీ, హైడ్రోజన్ అయాన్ బదులు హైడ్రాక్సైడ్ అయాన్, కాకపోతే అమ్మోనియా పీహెచ్ 11.13 అని ఇస్తే ముందు 14లోంచి తీసి పీఓహెచ్ 2.87 చేసుకోవాలి, నేను రెండు మూడుసార్లు 11.13నే తిన్నగా కేబీలో పెట్టేశా. ఇంకోటి, కేఏ ఇంటూ కేబీ ఈక్వల్ టు కేడబ్ల్యూ (నీటి అయానిక లబ్ధం) అనేది కాంజుగేట్ జంటకే (ఒక్క హైడ్రోజన్ అయాన్ తేడా ఉన్న యాసిడ్, బేస్), అమ్మోనియా కేబీ నుంచి వచ్చేది అమ్మోనియం అయాన్ కేఏ, 25 డిగ్రీల దగ్గర 5.6 ఇంటూ 10 పవర్ మైనస్ 10.

క్యాలిక్యులేటర్ లేని ఎగ్జామ్ అయితే రూట్ కట్టే ముందు పవర్‌ని సరిసంఖ్య చేసుకోండి, 1.4 ఇంటూ 10 పవర్ మైనస్ 5ని 14 ఇంటూ 10 పవర్ మైనస్ 6గా రాసుకుంటే 3.74 అని చప్పున తడుతుంది.