గుణదల కొండ మీద జపమాల

ఫిబ్రవరి 10, మంగళవారం సాయంత్రానికి విజయవాడలోని గుణదల మాత కొండకు చేరాం. మరియమ్మకు మొక్కుకున్నది నెరవేరింది, ఆ మొక్కు చెల్లించడానికి వెళ్లాం. మొక్కేమిటన్నది మా ఇంటి సంగతి. ఆ తల్లి వింది, అంతవరకు చెబితే చాలు. కథోలిక గురువు ఆర్లాటి స్వామి 1920లలో అక్కడి గుహలో మాత స్వరూపాన్ని నిలిపిన సంగతి, కొండ మీది సిలువ సంగతి, ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల ఉత్సవాల సంగతి తెలియని తెలుగు కథోలికుల ఇల్లు ఉండదు. కాబట్టి నేను రాసేదల్లా జపం గురించే. కొండెక్కుతూ చెప్పేది వేరే జపమేమీ కాదు, రోజూ రాత్రి ఇంట్లో పూసలు లెక్కపెడుతూ చెప్పుకునే జపమాలే. ఇంట్లో సరిగా చెప్పే అలవాటుంటే ఆ జనంలోనూ అది నిలుస్తుంది. ఇంట్లో హడావిడిగా ముగించే అలవాటుంటే పది మెట్లెక్కేసరికి చెదిరిపోతుంది.

పండుగకు ముందు నవదినాలు, అంటే వరుసగా తొమ్మిది రోజుల ప్రార్థన, చేసి వెళ్లడం మంచిది. 11వ తేదీ లూర్దుమాత పండుగ గనుక 2న మొదలుపెడితే 10తో తొమ్మిది రోజులు నిండుతాయి. ఫిబ్రవరి 2 బాలయేసును దేవాలయంలో కానుకగా అర్పించిన పండుగ, ఆ రోజు గుడిలో కొవ్వొత్తులు ఆశీర్వదిస్తారు. వాటిలో ఒకటి ఇంటికి తెచ్చుకుంటే నవదినాలకు సరిపోతుంది. రోజూ చేయవలసింది కొంచెమే: ముందు మన విన్నపం ఒక్క వాక్యంలో చెప్పుకోవాలి, తర్వాత జపమాల, ఆ తర్వాత మరియమాత ప్రార్థన మాలిక, అంటే ఆమె బిరుదులు ఒక్కొక్కటే పిలుస్తూ వేడుకునే ప్రార్థన. చాలా ఇళ్లలో దీనికి ఇంకో నాలుగు జపాలు తగిలిస్తారు. ఇరవై నిమిషాల్లో అయ్యేది ముప్పావుగంట పడుతుంది, మూడో రోజుకే పిల్లలు గోడకు జారబడి నిద్రపోతారు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఒక్క దేవరహస్యం, అంటే యేసు, మరియమ్మల జీవితంలోని ఒక ఘట్టాన్ని ధ్యానిస్తూ ఒక పరలోక జపం, మరియమ్మకు వందనం చెప్పే మంగళవార్త జపాలు పది, తండ్రికి, కుమారునికి, పవిత్రాత్మకు మహిమ చెప్పే త్రిత్వ స్తోత్రం ఒకటి శ్రద్ధగా చెప్పించినా చాలు. మిగతాది పెద్దవాళ్లు తర్వాత ముగించుకోవచ్చు. అన్నం తిన్నాక కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది, అందుకే వంట దించాక, వడ్డించక ముందు కూర్చోవడం మేలు.

మేం కొండెక్కింది మంగళవారం గనుక దుఃఖ దేవరహస్యాలు. సోమ, శనివారాలు సంతోష రహస్యాలు, మంగళ, శుక్రవారాలు దుఃఖ రహస్యాలు, బుధ, ఆదివారాలు మహిమ రహస్యాలు, గురువారం వెలుగు రహస్యాలు. ఒలీవ తోటలో రక్త చెమట దగ్గర మొదలై, కొరడా దెబ్బలు, ముళ్ల కిరీటం, సిలువ మోయడం మీదుగా సిలువ మరణంతో ముగిసే ఆ ఐదు ధ్యానాలు కొండెక్కే కాళ్లకు తగినవి.

జట్టుగా ఎక్కేటప్పుడు జపం నడిపించేవాళ్లు ముందు నడవకూడదు, మధ్యలో ఉండాలి. మెట్ల మీద మాట ముందుకే పోతుంది, వెనకున్నవాళ్లకు అందదు. వెనకవాళ్లు పక్క జట్టు జపం అందుకుంటారు, కాసేపటికి మూడో రహస్యంలో సగంమంది, నాలుగో రహస్యంలో సగంమంది ఉంటారు. ఇరవైమందికి మించితే రెండు జట్లు కావడమే దారి. ఊపిరి విషయం కూడా చూసుకోవాలి. నడిపించేవాళ్లు "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా వందనము" అని మొదటి సగం చెప్పేటప్పుడు మిగతావాళ్లు ఊపిరి పీల్చుకోవాలి. "పరిశుద్ధ మరియమ్మా" అని వాళ్ల సగం వచ్చినప్పుడు నడిపించేవాళ్లు ఊపిరి తీసుకోవాలి. ఇద్దరూ రెండు సగాలూ చెబితే సగం కొండకే ఆయాసం.

జపంలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు మొదటి సగం చివరలో ఉంది. "మీ గర్భఫలమగు యేసు" అనే చోటుకు రాగానే జవాబు చెప్పేవాళ్లు ఆగలేక "పరిశుద్ధ మరియమ్మా" అని అందుకుంటారు. రెండు గొంతులు ఒకదాని మీద ఒకటి పడి ఆ నామమే వినబడకుండా పోతుంది. జపమంతా ఎవరి చుట్టూ తిరుగుతుందో ఆ పేరే మింగేస్తే ఇంకేముంది? ఆ నామం దగ్గర ఒక్క క్షణం ఆగి, తల కొంచెం వంచి, తర్వాతే జవాబు మొదలుపెట్టాలి. ఇది ఇంట్లో అలవాటు చేసుకోవలసిందే, కొండ మీద నేర్పేవాళ్లుండరు.

ఇక ఆ జనం! నిలుచున్నచోట నుంచి మోచేతులతోనే ముందుకు తోస్తారు. మైకుల్లో తప్పిపోయిన పిల్లల పేర్లు, బొమ్మల అంగళ్లవాళ్ల కేకలు, ఒకేసారి నాలుగు జట్ల పాటలు. సగంమంది చేతుల్లో జపమాల బదులు పైకెత్తిన సెల్‌ఫోన్లు. అమ్మ దగ్గరికి వచ్చి అమ్మను తెరలో చూసుకుని వెళ్లడమేమిటో నాకు అర్థం కాదు. ఇంత బాధలోనూ నోరు జపం వదలకుండా ఉండడమే ఆ రాత్రి చేయగలిగిన భక్తి.

ఆ తోపులాటలోనే మా జట్టులోని ఒక పాప జపమాల తెగింది. మధ్య పతకం దగ్గర మూడు గొలుసులు కలుస్తాయి, లోహపు జపమాలల్లో బలహీనమైన చోటు అదే. చిన్న చుట్టుకు అతుకు వేసి ఉండదు, వంచి కలిపి వదిలేస్తారు. ఎవరి చెయ్యో తగిలి లాగితే అది విచ్చుకుంటుంది. పాప ఏడుపు మొహం పెట్టింది. పక్కన కూర్చున్న ఒక ముసలామె, ఏ ఊరో అడగనేలేదు, చెయ్యి చాచింది. "ఇట్టా తే తల్లీ, గొలుసుదేముంది." మెడలో ఉన్న దారపు జపమాల కొసన మిగిలిన దారం ముక్కను పళ్లతో తెంపి, విచ్చుకున్న చుట్టు లోంచి రెండుసార్లు దూర్చి మూడు ముళ్లేసింది. ముడి మీద కొవ్వొత్తి మైనం ఒక్క చుక్క పడేసి వేళ్లతో నలిపింది, ఇక జారదట. అది ఆరేదాకా పాపకు వేళ్ల మీద జపం నేర్పింది. ఎడమ చేతి చిటికెన వేలు నుంచి ఒక్కో మంగళవార్తకు ఒక్కో వేలు ముడవాలి. రెండు పిడికిళ్లూ బిగుసుకుంటే పది అయినట్టు. త్రిత్వ స్తోత్రానికి రెండు చేతులూ తెరిచి జోడించాలి. "పూసలు లేవని జపం మానకు బంగారూ" అంది. మేము థాంక్స్ చెప్పేలోపే జనం మమ్మల్ని పైకి తోసేసింది. ఆమె పేరు తెలియదు కాబట్టి ఆ రాత్రి ఒక రహస్యం పేరు లేకుండానే ఆమె కోసం చెప్పుకున్నాం.

యాత్రకు దారపు జపమాలే మంచిదని అప్పటికప్పుడు అందరికీ అర్థమైంది. పూసకూ పూసకూ మధ్య ముడి ఉన్నది చూసి కొనాలి. ఒక చోట తెగినా పూసలు చెల్లాచెదురు కావు. మొత్తం 59 పూసలుండాలి, 53 మంగళవార్తలకు, 6 పరలోక జపాలకు. చవకరకం వాటిలో ఒక్కోసారి పదికి తొమ్మిదే ఉంటాయి, కొనేముందే లెక్క చూసుకోవాలి.

మాత స్వరూపం ఉన్న గుహ దగ్గర నిలవనిచ్చేది కొన్ని క్షణాలే. "కదలండి, కదలండి" అని వాలంటీర్లు తొందరపెడుతూనే ఉంటారు, వాళ్లనీ అనలేం. అక్కడికెళ్లాక ఏం అడగాలా అని ఆలోచిస్తే సమయం అయిపోతుంది. వరుసలో ఉండగానే మాటలు సిద్ధం చేసుకుని, అక్కడ కళ్లు మాత్రం తెరిచి ఉంచాలి. పూలదండల మధ్య ఆ ముఖం కనిపించింది. జోడించిన చేతులు, దీపాల వెలుగులో కొంచెం వంగినట్టున్న చూపు. వెనక నుంచి తోస్తున్నారు, పాదాలు నేలకు ఆనడం లేదు, అయినా ఆ కాస్తసేపు నాకు ఒక్క మాటా వినబడలేదు. తెచ్చిన విన్నపాలేవీ నోటికి రాలేదు. వచ్చింది త్రిత్వ స్తోత్రం ఒక్కటే.

అది తగినదేనని తర్వాత అనిపించింది. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్త అనే బాలికకు మరియమాత తొలిసారి దర్శనమైనప్పుడు ఆ బాలిక జేబులోంచి జపమాల తీసి చెప్పడం మొదలుపెట్టింది. ఆ తల్లి పూసలు మౌనంగా జరుపుతూ ఉండి, త్రిత్వ స్తోత్రం దగ్గర మాత్రమే పెదవులు కదిపిందని బెర్నదెత్త చెప్పింది. మనం ఇంట్లో అన్నిటికంటే వేగంగా దాటేసేది ఆ స్తోత్రమే, తర్వాతి రహస్యం పేరు వెతుక్కుంటూ. కూర్చున్నవాళ్లు అక్కడ నడుము వంచితే చాలు, వేగం దానంతటదే తగ్గుతుంది.

కొవ్వొత్తులు వెలిగించే చోట ఒక జాగ్రత్త. మధ్యలో ఖాళీ ఉందని అక్కడ పెడితే చుట్టూ ఉన్న మంటల వేడికి కింది నుంచి మెత్తబడి నిమిషాల్లో ఒరిగిపోతుంది, పక్కవాటినీ పడేస్తుంది. అంచున పెట్టండి, అడుగు కొంచెం కరిగించి అతికించండి. పైట, చున్నీ నడుముకు దోపుకోండి. పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, చేయదలచినవాళ్లు వరుసలో నిలబడక ముందే ఆత్మపరిశోధన ముగించుకోవాలి, లోపలికెళ్లి గుర్తుచేసుకుంటూ కూర్చుంటే వెనక వందమంది ఆగిపోతారు.

బుధవారం పండుగ పూజ చూసుకుని, గురువారం తిరుగు ప్రయాణం. బస్సులో జపం మొదలైతే చాలామందికి వెలుగు రహస్యాలు నోటికి రాలేదు. 2002లో రెండవ జాన్ పౌల్ పాపుగారు చేర్చినవి గనుక పెద్దవాళ్లు చిన్నప్పుడు నేర్చుకున్న వరసలో అవి లేవు. యోర్దానులో జ్ఞానస్నానం, కానా పెళ్లిలో అద్భుతం, దైవరాజ్య ప్రకటన, దివ్యరూప ధారణ, దివ్యసత్ప్రసాద స్థాపన. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇంట్లో పీఠం పక్కన అంటిస్తే నెల తిరిగేసరికి వచ్చేస్తాయి. 18న విభూది బుధవారం, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలం ఆ రోజే మొదలు. తపస్సు కాలపు శుక్రవారాల్లో జపమాలతోపాటు యేసు సిలువ ప్రయాణాన్ని ధ్యానించే పద్నాలుగు స్థలాల సిలువమార్గం కూడా ఉంటుంది కాబట్టి, ఆ కాగితం ఈ వారమే రాసి పెట్టుకోవాలి.