ధర్మరాజు కలలోకి వచ్చిన లేళ్ళు

భారతం అరణ్యపర్వంలో దుర్యోధనుడి ఘోషయాత్ర అయ్యాక ఒక చిన్న కథ వస్తుంది. చాలామంది దాన్ని దాటి ముందుకు వెళ్ళిపోతారు. నన్ను మాత్రం ఏళ్ళుగా అది వదలడం లేదు.

పాండవులు ద్వైతవనంలో ఉన్నారు. ఒక రాత్రి ధర్మరాజు కలలోకి లేళ్ళు వచ్చి, వణుకుతూ, చేతులు జోడించి నిలబడ్డాయి. ఎవరు మీరు, ఏం కావాలి అని అడిగాడాయన. "చావగా మిగిలిన లేళ్ళం. నీ తమ్ముళ్ళు శూరులు, మా మందలు తగ్గిపోయాయి" అని చెప్పి, ఈ మాట అన్నాయి:

బీజభూతా వయం కేచిత్ అవశిష్టా మహామతే

విత్తనాల్లాగా కొద్దిమందిమే మిగిలాం, మీరు చోటు మారితే మళ్ళీ పెరుగుతాం అని.

ఆ 'బీజం' దగ్గర నాకు మా నాయనమ్మ గుర్తొస్తుంది. పెసల విత్తనాలకి బూడిద పట్టించి, కుండలో పోసి, మూతికి మట్టి మెత్తి అటకెక్కించేది. ఇంట్లో పెసలు నిండుకుంటే పక్కింట్లో బదులు తెచ్చేదే గానీ ఆ కుండ దించేది కాదు. పొదుగుతున్న కోడిని అల్లుడొచ్చినా కోయనిచ్చేది కాదు.

లేళ్ళు వేట తప్పని అనలేదు. క్షత్రియుడికి అది చెల్లే పని. పాండురాజు కూడా లేడి రూపంలో ఉన్న కిందముణ్ణి కొట్టి ఇదే వాదించాడు. మృగాన్ని చంపావని నిన్ను నిందించను, జతకూడి ఉన్నాం, అదయ్యేదాకా ఆగలేకపోయావే అన్నాడా ముని. తండ్రికి శాపంగా తగిలిన మాటే కొడుక్కి కలగా వచ్చిందనిపిస్తుంది నాకు. ఇంకొకటి. లేళ్ళు చెప్పుకున్నది తమ్ముళ్ళ వేట గురించి, కానీ వచ్చింది అన్న కలలోకి.

పొద్దున్నే తమ్ముళ్ళకి చెప్పాడు: ఏడాది ఎనిమిది నెలలుగా వీటి మీదే బతుకుతున్నాం, దయ చూపాలి. అందరూ కామ్యకవనానికి, తృణబిందు సరస్సు వైపు కదిలారు. అక్కడా వేట మానలేదు. సైంధవుడు ద్రౌపదిని ఎత్తుకుపోయిన రోజు అన్నదమ్ములు వెళ్ళింది వేటకే. భారతం దాన్ని దాచలేదు, అందుకే ఈ కథ మీద నాకు అంత గురి.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మనకి లేడి వేట లేదు. సముద్రం మీద మాత్రం ఉంది, జాలర్లు దాన్ని వేటనే అంటారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో ఇంజను బోట్లు ఒడ్డునే ఉంటాయి. ఆ నిషేధం అయ్యాక, గోదావరికి ఎర్రనీరు తగిలినప్పుడు పులస వస్తుంది. సముద్రం వదిలి ఏటికి ఎదురీదుతూ వచ్చేది గుడ్లు పెట్టడానికే. పుస్తెలమ్మైనా తినాలంటాం కదా, అందులోనూ జన, అంటే కడుపులో గుడ్లు, ఉన్నదే కావాలంటాం. నేనూ ఏరి ఏరి అదే కొనేవాణ్ణి. చట్టం ప్రకారం తప్పేమీ లేదు. పులసలు ఏటికేడు తగ్గిపోతున్నాయని మాత్రం రేవులో ఎవరినడిగినా చెబుతారు.

పోయిన శ్రావణంలో రేవు దగ్గర ఒకావిడ పులసని అరచేతిలో పట్టుకుని, బొటనవేలితో పొట్ట నొక్కి చూపించింది. "చూడండి బాబూ, నిండా జనే." నేను ఏమీ అనలేకపోయాను.

"ధర ఎక్కువైందా బాబూ?" అంది.

"లేదమ్మా" అని, పక్క బుట్టలో ఉన్న చెరువు చేప తూచమన్నాను.