కళ్లు మూసుకుంటే ఉగ్గాని

ఆదివారం, కర్నూలు.

పొద్దున మాయమ్మ ఉగ్గాని, బజ్జీలు చేసింది. మధ్యాహ్నం అన్నాలయినాక ఆమెను అడిగినా.

"కళ్లు మూసుకోమ్మా. పొద్దున నా ప్లేటు కనపడతాందా?"

"కనపడక? అంచు సొట్టపోయిన స్టీలు ప్లేటు. ఎర్రగడ్డ ముక్క ఒకటి మాడింది. బజ్జీ తిని మిరపకాయ తొడిమ ఎడం పక్కకు పెట్టినావు."

నాకైతే చీకటే. ఉగ్గాని ఎట్లుంటుందో తెలీక కాదు. తడిపి పిండిన బొరుగులు, పసుపు రంగు, పైన పప్పుల పొడి, అన్నీ పరీక్షలో జవాబు రాసినట్టు చెప్తా. బొమ్మ మాత్రం రాదు. "కళ్లకు కట్టినట్టు" అనే మాట ఇన్నేళ్లూ వాడుతూనే ఉన్నా, అది ఉత్త మాట వరస అనుకున్నా.

ఇదే ప్రశ్న ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే సైంటిస్టు అడిగినాడు. పొద్దున కూర్చున్న టిఫిన్ బల్లను తలుచుకోండి, వెలుతురు, రంగులు తెలుస్తున్నాయా అని. 1880లో ఆ జవాబులు అచ్చేసినాడు. సైంటిస్టులే చాలామంది మాకట్లాంటివేవీ కనపడవన్నారంట. ఆ వరసలో నిలబడటం కొంచెం గొప్పగానే ఉంది! 2015లో ఆడం జెమన్ అనే న్యూరాలజిస్టు, ఆయన తోటివాళ్లు ఇట్లా మనసులో బొమ్మ రాకపోవడానికి అఫాంటేసియా అని పేరు పెట్టినారు. కలలు మాత్రం నాకు బొమ్మలతోనే వస్తాయి, అదేం వింతో. ఆఫీసు ట్రైనింగులో "కళ్లు మూసుకుని మీ గెలుపును చూడండి" అన్నప్పుడల్లా నేను భోజనం గురించి ఆలోచించేవాణ్ణి. ఇప్పుడు తెలిసింది, పక్కనోళ్లు నిజంగానే ఏదో చూసేవాళ్లని.

తర్వాత మాట పాతింటి మీదికి పోయింది. 2009 అక్టోబరు వరదలో ఆల్బములన్నీ బురద ముద్దలయినాయి. ఇల్లూ ఇప్పుడు లేదు. అమ్మ కళ్లు మూసుకుని ఇల్లంతా తిరిగింది. పచ్చరంగు తలుపు, దాని మీద నేను మేకుతో గీకిన గీతలు, గూట్లో దీపం మసి. నేను అడుగుతాంటే ఆమె చూసి చూసి చెప్తాండె.

"వాకిలి ముందు ఐదు మెట్లు."

"ఆరమ్మా."

"నాకు కనపడతాండాయి కదరా, ఐదే!"

నాకు కనపడవు. కానీ కరెంటు పోయిన రాత్రుళ్లు లెక్కపెట్టుకుంటా దిగినోణ్ణి, ఆరో అడుగు తర్వాతే మట్టి తగిలేది. ఇంక తేలదని అక్కకు ఫోన్ చేసినా. నవ్వింది.

"మెట్లు ఐదే. కింద అరిగిపోయిన కడప బండ ఉండె కదరా, దాన్నీ కలిపినావు."

స్పీకరులో విన్న అమ్మ మళ్లీ కళ్లు మూసుకుంది. చాలాసేపు అట్లే కూర్చుంది.

"బండ ల్యాదే," అనింది.